సత్రానికి మేర

మా ఆయన పోయాక నాకు మిగిలినవి రెండు. దూది ఏకే విల్లు ఒకటి, సత్రం వసారాలో కూర్చునే చోటు ఒకటి. విల్లు మాది. చోటు మాది కాదు. ఆ తేడా నాకు చాలా ఏళ్ళ వరకు తట్టలేదు.

నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నాకు నా పేరు రాయడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవగలను, అంతకు మించి రాదు. మధ్యలో దగ్గు వస్తే ఆపుతాను. చిన్నప్పటి నుంచి దూది పీల్చాను, ఆ పైన రెండేళ్ళు మిరప ఘాటు పీల్చాను. ఆ రెండేళ్ళ సంగతే ఇది.

మా ఊరు గుంటూరు నుంచి ఒంగోలు వైపు పోయే దారికి కొంచెం లోపలగా ఉంటుంది. పల్లె అంటే ఊరుకోరు, పట్నం అంటే నవ్వుతారు. అప్పట్లో సినిమా హాలు ఒకటి, పురుగుమందుల కొట్లు ఏడు ఉండేవి. బస్సు దిగితే ఎదురుగా సత్రం. పిల్లలు లేని ఒక ముసలామె ఎప్పుడో కట్టించిందట, పత్తి బండ్లు తోలుకుపోయేవాళ్ళు ఆగడానికి. లోపల పెద్ద హాలు, దాని మీద టేకు దూలాలు పరిచి ఇటుక పేర్చి సున్నం పోసిన మిద్దె. ముందు వైపు ఆరు రాతి స్తంభాలతో వసారా, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒక అంకణం చొప్పున ఐదు అంకణాలు, పైన పెంకులు. లారీలు వచ్చాక బండ్లు పోయాయి. హాల్లోకి గబ్బిలాలు వచ్చాయి. వసారాలోకి మేము వచ్చాం. మా మామగారు అక్కడ కూర్చుని దూది ఏకాడు, ఆయన తర్వాత మా ఆయన, తర్వాత నేను. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లేవమనలేదు.

దూది ఏకడానికి కావలసింది పైన కప్పు, కింద పొడి నేల, గాలి కొట్టని చోటు. మా పాకలో పరుపు పరిస్తే మనిషి బయట నిలబడాలి. పైగా బస్టాండు వెనక కరెంటు మిషను వచ్చింది. నాకు ఒక రోజు పట్టే పని అది గంటలో చేసేది. అయినా నాకు బేరాలు వచ్చేవి, ఎందుకంటే బస్సు దిగినవాళ్ళకు ముందు నేను కనపడేదాన్ని. కనపడకపోతే వెతుక్కుంటూ ఎవరూ రారు. డాక్టరును వెతుకుతారు గానీ దూదేకులామెను ఎవరు వెతుకుతారు.

ఒక ఎండాకాలం ముందు ఊరికి కబురు వచ్చింది. ఊరుమ్మడి పాత కట్టడాలు బాగుచేసుకుంటే ఖర్చులో ఊరు కొంత వేసుకోవాలి, మిగతాది సర్కారు వేస్తుంది. మీటింగు సత్రం వసారాలోనే పెట్టారు. నేను దూది ఒక పక్కకు జరుపుకుని కూర్చున్నాను.

ప్రెసిడెంటుగారు ముందే లెక్కేసుకుని వచ్చాడు. "పడగొట్టి కొట్లు కడదాం. రోడ్డు మొహాన పది కొట్లు పడతయ్."

రిటైరైన మాస్టారు ఒకాయన ఉండేవాడు. సత్రం గురించి ఊళ్ళో పట్టించుకున్నది ఆయన ఒక్కడే. "సర్కారు ఇచ్చేది నిలబెట్టడానికండీ, పడగొట్టడానికి కాదు" అన్నాడు.

"నిలబెట్టాక పడగొట్టొచ్చా?"

"కుదరదు."

"మరి ఎందుకయ్యా ఇయ్యటం?"

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. కొత్త కొట్లకు పట్టే ఖర్చు ఎంత, పాతది నిలబెట్టడానికి పట్టేది ఎంత అని కాగితం తీసి చదివాడు. పాతది చౌక అని తేలింది. ప్రెసిడెంటుగారికి అప్పుడు సత్రం మీద గౌరవం కలిగింది. మన పెద్దల ఆస్తి, కాపాడుకోవాలి అన్నాడు.

ఎవరో వెనక నుంచి, "మరి ఈమె సంగతేంది?" అన్నారు. అందరూ నా వంక, నా దూది వంక చూశారు.

"పని మొదలయ్యేదాకా కూర్చోనియ్యండి" అన్నాడు ప్రెసిడెంటుగారు. "మొదలైన రోజు లేచిపోద్ది. తర్వాత వసారాలో ఎవరూ మకాం పెట్టకూడదని కాయితంలో రాయండి. అంత పోసి బాగుచేసేది మళ్ళీ దూది పాలు చెయ్యటానికా?"

మాస్టారు నా వైపు చూడకుండా రాశాడు. కింద అందరూ సంతకాలు పెట్టారు. పుస్తకం నా దాకా వచ్చింది. నేనూ పెట్టాను. అందరూ పెడుతున్నప్పుడు పెట్టకపోతే బాగుండదు కదా.

ఇక ఊరి వాటా ఎలా తేవాలి అన్నది. డబ్బు ఇమ్మంటే ఎవరి దగ్గరా లేదు. అప్పుడు మాస్టారికే మేర గుర్తుకొచ్చింది. పూర్వం కల్లం దగ్గర పంట కొలిచేటప్పుడు చాకలికి ఇంత, మంగలికి ఇంత, వడ్రంగికి ఇంత అని తీసి ఇచ్చేవాళ్ళు. అది వాళ్ళ హక్కు, దాని పేరు మేర. మా దూదేకులవాళ్ళకు అది లేదు, మాకు పని చేసిన నాడే కూలి. అలాగే సత్రానికీ ఒక మేర పెడదామన్నాడు మాస్టారు. మిరపకాయలు ఆరబెట్టిన ప్రతి కల్లం నుంచి ఒక తట్ట. డబ్బు అయితే ఇవ్వరు గానీ కాయ అయితే ఇస్తారు అని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. అందరూ ఇచ్చారు.

ఏ కాయ ఇచ్చారన్నది వేరే సంగతి. మిరపలో రంగు పోయి తెల్లబడినదాన్ని తాలు అంటారు. ఎర్రకాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప ఏరి పెడతారు. తట్ట వచ్చేసరికి అందరి చెయ్యీ తాలు కుప్ప వైపే పోయింది. ఒకాయన తట్ట నిండా తాలే పోస్తే మాస్టారు ఇదేంటయ్యా అని అడిగాడు. "ధర్మానికి రంగుతో పనేంది మాస్టారూ" అన్నాడు ఆయన.

కాయ వసారాలో పోశారు. ఎర్రది వేరు, తాలు వేరు చేసి ఏరింది నేనే. బస్తాలకు ఎత్తి కుట్టారు. మా వైపు మిరప బస్తాను టిక్కీ అంటారు. ప్రెసిడెంటుగారు ఎస్టీడీ బూతుకు పోయి గుంటూరు యార్డుకు ఫోను చేశాడు. రేటు పడిందని చెప్పారు. ఆయన బయటికి వచ్చి, "ఇప్పుడు అమ్మితే ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు. రెండు నెలలు ఆగితే లేచిద్ది" అన్నాడు. ఎవరూ కాదనలేదు. మా ప్రాంతంలో మిరప రేటు రెండు నెలల్లో లేస్తుందని నమ్మని రైతు లేడు. నమ్మనివాడు పొగాకు వేసుకుంటాడు.

కోల్డు స్టోరేజీలో పెడితే అద్దె కట్టాలి. ఆ అద్దె సత్రం డబ్బులోంచే పోవాలి. "సత్రం ఖాళీగా ఉందిగా, అందులోనే పెడదాం" అన్నారు. సత్రాన్ని బాగుచేయడానికి తెచ్చిన కాయలు సత్రంలోనే నింపారు. గబ్బిలాలు ఆ వారమే వెళ్ళిపోయాయి. పగలంతా అక్కడే ఉండేదాన్ని కాబట్టి తాళంచెవి నాకు ఇచ్చారు.

నాకు చదువు లేదు గానీ ఇంత మాత్రం అర్థమైంది. టిక్కీలు అమ్మితే పని మొదలవుతుంది. పని మొదలైతే నేను లేవాలి. టిక్కీలు లోపల ఉన్నన్నాళ్ళు నేను బయట ఉంటాను.

రెండు నెలలు ఆగారు. రేటు ఇంకా పడింది. ఇంకో రెండు నెలలు అన్నారు. వాటా చూసి రాసుకోవడానికి సర్కారు మనిషి ఒకాయన వచ్చాడు. తలుపు తీశాను. ఆయన లోపలికి నాలుగు అడుగులు వేశాడు, తుమ్ముతూ ఆరు అడుగులు వెనక్కు వేశాడు. కళ్ళు తుడుచుకుంటూ బస్టాండు దాకా పోయి, ఊరి వాటా గట్టిగానే ఉంది అని అక్కడే నిలబడి రాసుకున్నాడు. మరుసటి ఏడు కల్లాల మీద మళ్ళీ తట్ట తిప్పారు. పాత టిక్కీల పక్కన కొత్త టిక్కీలు చేరాయి.

సత్రం ఎదురుగా ఇడ్లీలు అమ్మే ఆమె ఉండేది. నేను ఆమెను వదినా అనేదాన్ని, ఆమె నన్ను వదినా అనేది. వాళ్ళు కౌలుకు తీసుకుని మిరప వేసేవాళ్ళు. రేటు పడిన ప్రతిసారీ నా మీద పడేది.

"నీకేం వదినా. మేం ఏడుస్తుంటే నువ్వు దూది ఏక్కుంటా కూర్చుంటావు."

"నేనేమన్నా రేటు పడాలని కోరుకున్నానా?"

"కోరుకోకపోతే మొన్న దర్గా కాడ చక్కెర ఎందుకు చదివించావు?"

"కీళ్ళ నొప్పులకి."

"తగ్గినయ్యా?"

"లేదు."

"రేటు మాత్రం తగ్గింది."

ఆమె నవ్వుతూనే అనేది. నేనూ నవ్వేదాన్ని. దర్గాలో ఏం అడిగానో నాకు తెలుసు. మనవరాలు చెయ్యి ఆపి నా వంక చూస్తోంది. రాయి, అదే అడిగాను.

మొదటి వానాకాలమే హాల్లో ఈశాన్యం మూల కారింది. తడి తగిలితే కాయ బూజు పడుతుంది. అందుకని ఆ మూల టిక్కీలు ఒక్కొక్కటే ఈడ్చి మధ్యకు వేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మేయండి అంటారు. రెండో వానాకాలానికి ముందు గోడ మీద ఆనిన దూలం చివర నుంచి పొడి రాలడం మొదలైంది. చెదలు. పొద్దున్నే ఎవరూ రాకముందు తలుపు తీసి ఊడ్చేదాన్ని. ముందు పిడికెడు ఉండేది. తర్వాత దోసెడు అయింది. తర్వాత చేటతో ఎత్తేదాన్ని. కొంగు చాటున తీసుకుపోయి కాలవలో పోసి వచ్చేదాన్ని. దొంగతనం చేసినా అంత జాగ్రత్తగా చేసి ఉండేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం వాన దంచికొట్టింది. బస్సు కోసం వచ్చినవాళ్ళందరూ వసారాలోకి ఎక్కారు. పత్తి చేలో పని మానుకుని వచ్చిన కూలివాళ్ళు, చంటిపిల్లతో ఒకామె, ఇద్దరు ముసలివాళ్ళు, ఇడ్లీ వదిన కూడా. హాలు గోడకు వీపులు ఆనించి వరసగా నిలబడ్డారు. అప్పుడు లోపల దబ్బున చప్పుడైంది.

"టిక్కీ పడ్డట్టుంది" అంది వదిన.

టిక్కీ పడితే అలా మోగదు. కిటికీ సందులోంచి చూశాను. దూలం చివర గోడలోంచి జానెడు జారి వేలాడుతోంది. పై ఇటుకలు కొన్ని కింద ఉన్నాయి. ఆ గోడకే ఇవతల వీళ్ళందరి వీపులు ఉన్నాయి. వసారా పెంకులు కూడా ఆ గోడ మీదే ఆనాయి.

"దిగండి, గోడ బాగాలేదు" అన్నాను.

"వానలో యాడికి దిగమంటావ్?" అన్నాడు ఒకాయన.

"పడిద్ది, దిగండయ్యా."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది గోడ. నీ దూది తడుస్తదని మమ్మల్ని దిగమంటున్నావా?"

నా మాట ఎవరూ వినలేదు. నన్ను నమ్మడానికి వాళ్ళకు కారణమూ లేదు. నేను తాళం తీసి తలుపులు రెండూ బార్లా తెరిచాను. గుమ్మం దగ్గర ఉన్న పాత టిక్కీ కుట్టు తెంపి, అడుగు పట్టుకుని వసారాలోకి బోర్లించి, చేటతో విసిరాను. రెండేళ్ళు మాగిన కాయ పొడి అది. ఊపిరి పీల్చినవాడు పీల్చినట్టే ఆగాడు. దగ్గుతూ, తుమ్ముతూ, నన్నూ నా వంశాన్నీ తిడుతూ అందరూ వానలోకి దూకారు. చంటిపిల్ల తల్లి అందరికంటే ముందు దూకింది. వదిన కళ్ళు మూసుకుని, "నీకు పిచ్చెక్కిందే" అని అరుస్తూ తన బండి అనుకుని ఇంకెవరి సైకిలో పట్టుకుంది.

గోడ ఆ రోజు పడలేదు. అది కూడా చెప్పాలి. వాళ్ళు తడిసిన దానికి ఫలితం ఏమీ కనపడలేదు, అందుకే మూడు రోజులు తిట్టారు. నేను అలాగే తడుస్తూ మాస్టారు ఇంటికి పోయాను.

మాస్టారు ప్రెసిడెంటుగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుని లోపల చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందమ్మా?" అన్నాడు మాస్టారు.

"కారడం పోయినేడు నుంచి. పొడి ఈ ఏడు నుంచి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అమ్ముతారని."

ఆయన అమ్మాల్సిన టిక్కీలు లెక్కపెట్టసాగాడు. ప్రెసిడెంటుగారు మాత్రం, "వానలు ఎనకపట్టినయ్, ఇంకో నెల ఆగితే రేటు..." అని మొదలుపెట్టాడు.

"ఆ కాయకు ఇక రేటు రాదండీ" అన్నాను. "రోజూ చూసేది నేనే. ఎర్రగా పెట్టిందంతా రంగు పోయింది. లోపల ఉన్నది మొత్తం తాలే."

ఆయన ఒక టిక్కీలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి చూసుకున్నాడు. ఊళ్ళో మిరప గురించి అందరికీ చెప్పే మనిషి ఆయన.

వారంలో టిక్కీలు పోయాయి. కారం పట్టించేవాళ్ళు ఎవరో వాళ్ళకు తోచిన ధరకు తీసుకుపోయారు. గుంటూరు బ్రాడీపేట నుంచి ఇంజనీరు స్కూటరు మీద వచ్చాడు. చిన్నవాడు, నెమ్మదస్తుడు. సుత్తితో గోడంతా తట్టి చూశాడు. పోయిన ఏడే తెలిసి ఉంటే దూలం చివర ఒక్కటి అతుకు వేస్తే సరిపోయేదండీ అన్నాడు. ఇప్పుడు దూలం మార్చాలి, ముందు వైపు గోడ సగం విప్పి కట్టాలి. ఊరిదీ సర్కారుదీ కలిపితే హాలు వరకే వస్తుంది. వసారా కప్పు దించెయ్యాలి, మళ్ళీ ఎప్పుడైనా డబ్బు వస్తే వేసుకోవచ్చు అన్నాడు. ఎవరినీ తప్పుపట్టే గొంతు కాదు అతనిది. ఎవరి తప్పో అతనికి తెలియదు.

ప్రెసిడెంటుగారికి తెలుసు. "వసారా కోసం దాచావు. ఆ వసారాయే పోయింది. నేను ఇంకేం అనను" అన్నాడు.

పెంకులు దించిన రోజు నేను విల్లు పట్టుకుని ఇంటికి పోయాను. పని నాలుగు నెలలు జరిగింది. సిమెంటు పెట్టకూడదని ఇంజనీరు పట్టుబట్టి సున్నం గానుగ పట్టించాడు, అందులోకి కరక్కాయ నానేసిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోయించాడు. "మా పిల్లలకి లేని బెల్లం గోడకి పెడుతున్నారు" అని వదిన అక్కడ నిలబడి మేస్త్రీని రోజూ సాధించేది. హాలు మాత్రం బాగా లేచింది. తెల్లగా, నున్నగా. కొబ్బరికాయ కొట్టారు. లోపల రెండు బల్లలు వేసి పేపరు తెప్పించారు. బయట ఆరు స్తంభాలు మాత్రం నెత్తిన ఏమీ లేకుండా నిలబడ్డాయి.

ఒక వారం చూసి నేను ఆ స్తంభాల మధ్య టార్పాలిన్ పట్టా కట్టుకుని కూర్చున్నాను. వసారాలో ఎవరూ మకాం పెట్టకూడదని రాశాం కదా అని ఎవరో మాస్టారిని అడిగారట. వసారా ఉంటే కదా అన్నాడట ఆయన.

ఎండాకాలం గడిచింది. వానాకాలం గడవలేదు. గాలికి పట్టా లేచిపోయేది, దూది బస్టాండు దాకా ఎగిరేది. ఇడ్లీల మీద పడేది. బేరాలు మిషను దగ్గరకు పోయాయి.

ఆ తర్వాతి పంటకు నిజంగానే రేటు వచ్చింది. అందరూ కల్లం మీదే అమ్ముకున్నారు. మేర గుర్తున్నవాడు ఒక్కడు లేడు. రేటు లేని ఏడు తట్ట నింపినవాళ్ళే, రేటు వచ్చిన ఏడు ఒక్కో కాయ ఏరి టిక్కీలో వేసుకున్నారు. అప్పుడు నేను తట్ట పట్టుకుని కల్లాల మీదకు బయలుదేరాను.

వదిన దారిలో ఆపింది. "యాడికి?"

"వసారా కప్పుకి మేర అడగటానికి."

"కప్పు వేస్తే నిన్ను కూర్చోనియ్యరుగా. సంతకం కూడా పెట్టావుగా."

"పెట్టాను."

"నిన్ను లేపే కప్పుకి నువ్వే అడుక్కొస్తావా?"

"వానకి నిలబడేవాళ్ళకన్నా ఉంటది గదా వదినా. ఆ రోజు నిన్ను నేనే తడిపాను."

ఆమె నా తట్ట వంక చూసి, "మా కల్లం అటేపు. ముందు అటు పో. ఆయన లేనప్పుడే పో" అంది.

ఆ ఎండాకాలం అంతా తిరిగాను. మళ్ళీ దాస్తారా అని అడిగినవాళ్ళకు దాయను, ఏ రోజు కాయ ఆ రోజే అమ్ముతాను అని చెప్పాను. అలాగే అమ్మాను. తాలు పోస్తే తట్ట అక్కడే వంచేసి మళ్ళీ పట్టుకుని నిలబడేదాన్ని. తిట్టినవాళ్ళు ఉన్నారు. మాస్టారు వచ్చింది వచ్చినట్టు పుస్తకంలో రాసి బ్యాంకులో వేశాడు. చివరికి రెండు అంకణాలకు సరిపోయింది. ఐదుకు కాదు.

మీటింగు ఈసారి హాల్లో పెట్టారు. మాస్టారు పాత కాగితం తీసి, ఇందులో మకాం సంగతి ఒకటి ఉంది, ఏం చేద్దాం అన్నాడు.

"కొట్టెయ్యండయ్యా" అన్నాడు ప్రెసిడెంటుగారు. "ఈమెని లేపితే మిగతా మూడు అంకణాలకి నేను తిరగాలా?"

మాస్టారు కొట్టేసి పక్కన సంతకం పెట్టాడు. ఎక్కడ కొట్టేశారు అని నేను అడిగితే వేలు పెట్టి చూపించాడు. రాసింది చదవలేకపోయాను గానీ దాని మీద అడ్డంగా గీసిన గీత కనపడింది.

ఇంజనీరు మళ్ళీ స్కూటరు మీద వచ్చాడు. టేపు పట్టుకుని స్తంభాల వెంట నడిచి, "ఏ రెండు వెయ్యమంటారమ్మా?" అని నన్నే అడిగాడు. ఆ చివర రెండు అయితే గాలి కొట్టదు, దూదికి మంచిది. ఈ చివర రెండు అయితే బస్సు దిగినవాళ్ళకు కనపడతాయి, వాన వస్తే పరిగెత్తడానికి దగ్గర. నేను కాసేపు ఆలోచించి బస్టాండు వైపువి వెయ్యమన్నాను. గాలికి గోనెపట్టా కట్టుకున్నాను.

మిగతా మూడింటి మీద ఇంకా కప్పు పడలేదు. వాన మొదలైతే బస్సుకు వచ్చినవాళ్ళందరూ ఈ రెండు అంకణాల్లోకే దూరతారు. దూది పక్కకు జరుపుతాను. జరపడానికి పెద్దగా చోటు లేదు. కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాను, వాన తగ్గాక మళ్ళీ ఏకుతాను.